నాన్‌వోవెన్ గుడ్డ ఎక్కడ తెగుతోంది? సెల్యులోజ్ పీచులతో బలాన్నీ నిలకడనూ పెంచే పద్ధతి

నాన్‌వోవెన్ గుడ్డ, అంటే నేయకుండా పీచుల్ని పరిచి అతికించో చిక్కువేసో చేసిన గుడ్డ, రోల్స్ రెండు ఉన్నాయనుకోండి. మొదటిదాని సగటు బలం 30 న్యూటన్లు, రెండోదానిది 27. ఏది మేలంటే అందరూ మొదటిదే చూపిస్తారు. ఇంకో అంకె కలిపి చూద్దాం. మొదటి రోల్‌లో కొలతల హెచ్చుతగ్గులు (సగటులో ప్రామాణిక విచలనం ఎంత శాతమన్నది) 15 శాతం, రెండోదాంట్లో 6 శాతం. సగటులోంచి రెండు ప్రామాణిక విచలనాలు తీసేస్తే మొదటిది 21కి పడిపోతుంది, రెండోది 23.8 దగ్గర నిలబడుతుంది. మెషిన్ మీద గుడ్డ సగటు దగ్గర తెగదు, అన్నిటికన్నా బలహీనమైన చోట తెగుతుంది. కాబట్టి ఈ పందెంలో గెలిచేది రెండోదే.

ఇది చూడకుండా చాలామంది నేరుగా మందు మొదలుపెడతారు. బైండర్ (పీచుల్ని అతికించే జిగురు) ఇంకొంచెం పోయడం, ఖరీదైన పీచు కలపడం, పీచుల్ని చిక్కువేసే నీటి జెట్ల ప్రెషర్ పెంచడం. సగటు పెరుగుతుంది, తెగడం మాత్రం ఆగదు. అందుకే ఈ మార్గదర్శిలో పీచుల గురించి చెప్పే ముందు కొలత గురించి చెబుతున్నాను. విసుగనిపించినా ఈ భాగం దాటేయకండి.

మొదటి అడుగు: రోగం ఏమిటో తేల్చుకోవడం

రోల్ అడ్డంగా కనీసం ఐదు చోట్ల, పొడవునా కొన్ని మీటర్ల ఎడంతో మరో ఐదు చోట్ల ముక్కలు కోయండి. మెషిన్ దిశలో (గుడ్డ మెషిన్ మీద నడిచే దిశ) ఒక వరస, అడ్డ దిశలో ఒక వరస. 50 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు సరిపోతాయి, నాన్‌వోవెన్ పరీక్షల్లో వాడుక కొలత అదే. పొడిగా లాగేవి కొన్ని, నీళ్లలో నానబెట్టి లాగేవి కొన్ని.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సెల్యులోజ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 65 శాతం తేమ ఉన్న గదిలో పత్తి దాదాపు 8.5 శాతం, విస్కోస్ (కలప గుజ్జును కరిగించి తీసిన పీచు) దాదాపు 13 శాతం నీటిని పట్టి ఉంచుతాయి. కాబట్టి ఉదయం కోసిన ముక్కనూ మధ్యాహ్నం కోసిన ముక్కనూ పోల్చాలంటే రెండూ ఒకే ఉష్ణోగ్రత, ఒకే తేమ ఉన్న గదిలో కొన్ని గంటలు ఉండి తీరాలి. 23 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ అనేది వాడుకలో ఉన్న జంట. రెండో జాగ్రత్త: ప్రతి పట్టీని లాగే ముందు తూకం వేసి రాసుకోండి. మొత్తం పరీక్షలో అతి చవకైన పని ఇదే, కానీ ఎక్కువమంది చేయనిది కూడా ఇదే.

తూకాన్ని ఒక అక్షం మీద, బలాన్ని ఇంకో అక్షం మీద పెట్టి చుక్కలు వేయండి. చుక్కలన్నీ ఒక వాలు గీత వెంబడి కూర్చుంటే పీచుల అతుకులు బాగానే ఉన్నట్టు. గుడ్డ ఒకచోట పలచగా, ఒకచోట ఒత్తుగా పడుతోంది, సమస్య పీచు పరుచుకోవడంలో ఉంది. ఒకే తూకం ఉన్న పట్టీల్లోనే బలం పైకీ కిందికీ ఊగుతుంటే సమస్య అతుకుల్లో ఉంది. మొదటి రోగానికి బైండర్ పోసినా, రెండో రోగానికి ఫార్మర్ (పీచును పొరగా పరిచే యంత్రభాగం) సరిచేసినా డబ్బు వృథా.

తరవాత తెగిన అంచును భూతద్దంలో చూడండి. పీచులు పొడుగ్గా, నూగుగా బయటికి ఊడి వచ్చి ఉంటే అతుకు ఓడిపోయింది. పొట్టిగా, కోసినట్టు ఉంటే పీచే తెగింది. సెల్యులోజ్ నాన్‌వోవెన్లలో ఎక్కువగా కనబడేది మొదటిదే. పీచుకు ఎంత బలం ఉన్నా పక్క పీచును పట్టుకోకపోతే ఆ బలం గుడ్డకు చేరదు. బలమైన పీచు కొని కూడా ఫలితం కనబడని చోట్ల జరిగేది ఇదే.

రెండో అడుగు: చేతిలో ఉన్న పీచు ఏం చేయగలదో తెలుసుకోవడం

ఇంజనీర్డ్ సెల్యులోజ్ పీచు అంటే, కలప గుజ్జునో (పల్ప్) పత్తి లింటర్‌నో (పత్తి గింజ మీది పొట్టి నూగు) తీసుకుని దాని పొడవు, మందం, అడ్డకోత ఆకారం, ఉపరితలం వీటిలో కనీసం ఒకదాన్ని పనిగట్టుకుని మార్చింది. పేరులో ‘ఇంజనీర్డ్’ ఉంది కదా అని బలం పెరుగుతుందని అనుకోకండి. అడ్డబంధాలు వేసిన పల్ప్ పీచు, అంటే సిట్రిక్ ఆమ్లం లాంటి వాటితో క్రాస్‌లింక్ చేసి మెలికలు తిప్పినది, ఉబ్బు కోసం, నీళ్లు త్వరగా పీల్చడం కోసం పుట్టింది. అది గట్టిగా ఉంటుంది, తడిసినా మెత్తబడి పక్క పీచు మీద వాలదు. దాంతో పీచుల్ని ఒకదానికొకటి అతికించే హైడ్రోజన్ బంధాలు తక్కువ. దాన్ని బలం కోసం కలపడం అంటే రోగం ఒకటైతే మందు ఇంకొకటి.

మామూలు సాఫ్ట్‌వుడ్ పల్ప్ పీచు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. యూకలిప్టస్ పీచు ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే. అది బలం ఇవ్వదు గానీ ఖాళీలు నింపి గుడ్డను నునుపుగా, సమానంగా కనిపించేలా చేస్తుంది. విస్కోస్‌ను కావలసిన పొడవుకు కోయించుకోవచ్చు, వెట్‌లెయిడ్‌కు (పీచును నీళ్లలో కలిపి పరిచే పద్ధతి) 5 నుంచి 12 మిల్లీమీటర్లు, కార్డింగ్‌కు (పొడి పీచును దువ్వి పరిచే పద్ధతి) 38, 40 మిల్లీమీటర్లు. పొడిగా దాని బలం టెక్స్‌కు (కిలోమీటరు పీచు ఎన్ని గ్రాములన్న కొలత) 20 నుంచి 26 సెంటీన్యూటన్ల దాకా ఉంటుంది, తడిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. లయోసెల్ (కలప గుజ్జును వేరే ద్రావకంలో కరిగించి తీసిన పీచు) పొడి బలం 35 దాటుతుంది, తడిసినా అందులో ఎక్కువ భాగం నిలుపుకుంటుంది. తడి గుడ్డల పనికి లయోసెల్ పేరు ముందు రావడానికి కారణం ఇదే. పత్తిది ఇంకో దారి, తడిస్తే దాని బలం కాస్త పెరుగుతుంది.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి రెండు. ఒకటి చదును విస్కోస్. గుండ్రంగా కాకుండా రిబ్బన్‌లా ఉంటుంది కాబట్టి పక్క పీచుతో తాకే వైశాల్యం పెద్దది, బైండర్ లేకుండానే అతుక్కుంటుంది. రెండోది రిఫైన్ చేసిన లయోసెల్. తడి మీద రాపిడి పెడితే దాని ఒంటి నిండా మైక్రాన్ కన్నా సన్నని నూగు లేస్తుంది. బట్టల తయారీలో ఆ గుణం తలనొప్పి, ఇక్కడ అదే ఆస్తి. ఆ నూగు పెద్ద పీచుల మధ్య సాలెగూడులా అల్లుకుని అతుకుల సంఖ్యను అమాంతం పెంచుతుంది. మైక్రోఫైబ్రిలేటెడ్ సెల్యులోజ్ కూడా ఇదే కుటుంబం. 1980ల మొదట్లో గుజ్జును అధిక పీడనంతో హోమోజినైజర్ గుండా పంపి తయారు చేసి చూపించారు. కొద్ది శాతం కలిపినా బలం కనిపిస్తుంది, కానీ నీళ్లు దిగడం మందగిస్తుంది, డ్రైయర్ మీద భారం పెరుగుతుంది.

మూడో అడుగు: పొడవు ఎంత, నీళ్లు ఎంత

వెట్‌లెయిడ్ చేసేవాళ్ళకు ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే.

పొడవాటి పీచు బలాన్ని ఇస్తుంది. అదే పీచు నీళ్లలో ఉండలు కడుతుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో చెప్పే లెక్కను 1992లో కెరెక్స్, షెల్ ఇచ్చారు. క్రౌడింగ్ నంబర్ అంటారు. ఒక పీచు తన చుట్టూ గిరగిరా తిరిగితే ఆక్రమించే గోళంలో సగటున ఎన్ని పీచులు ఇరుక్కుని ఉన్నాయన్నదే ఆ సంఖ్య. వాడుకకు వీలుగా ఇలా రాసుకోవచ్చు: 50ని నీళ్లలో పీచు శాతంతో గుణించి, దాన్ని మిల్లీమీటర్లలో ఉన్న పొడవు వర్గంతో గుణించి, డెసిటెక్స్‌తో (పది కిలోమీటర్ల పీచు ఎన్ని గ్రాములన్న అంకె) భాగించాలి. ఫలితం 60 దగ్గరికి వస్తే ఒక్కో పీచు చుట్టుపక్కల మూడింటిని తాకుతూ గట్టి ఉండలు కడుతుంది. 16 కన్నా కిందుంటే పీచులు దాదాపు స్వేచ్ఛగా కదులుతాయి.

లెక్క చేసి చూద్దాం. 1.7 డెసిటెక్స్, 10 మిల్లీమీటర్ల విస్కోస్, నీళ్లలో 0.02 శాతం. ఫలితం 59. అంటే కిలో పీచుకు ఐదు వేల లీటర్ల నీళ్లు పోసినా ఉండలు కట్టే అంచున ఉన్నాం! అదే పీచును 5 మిల్లీమీటర్లకు కోస్తే 59కి చేరడానికి 0.08 శాతం దాకా పోవచ్చు, నీళ్లు నాలుగో వంతు చాలు. సాఫ్ట్‌వుడ్ పల్ప్‌ను 2.5 మిల్లీమీటర్లు, 2 డెసిటెక్స్‌గా లెక్కిస్తే 0.1 శాతం దగ్గర కూడా ఫలితం 16 లోపే. కాగితం మెషిన్ మీద చేయి తిరిగినవాళ్ళు పొడవు పీచు కలపగానే ఎందుకు కంగారుపడతారో ఈ అంకెల్లో తెలుస్తుంది. పొడవు వర్గంలో ఉంది కాబట్టి అది రెండింతలైతే చిక్కు నాలుగింతలు.

కాబట్టి క్రమం ఇది. మీ ఫార్మర్ ఎన్ని నీళ్లు తీయగలదో ముందు తెలుసుకోండి. వాలు వైరు (నీళ్లు వడగట్టే జాలీ) ఉన్న ఫార్మర్ అయితే చాలా పలచటి ద్రావణాన్ని తట్టుకుంటుంది. అక్కడ దొరికే శాతాన్ని లెక్కలో పెట్టి, ఫలితం 60కి బాగా కింద ఉండే గరిష్ఠ పొడవును ఎంచుకోండి. ‘12 మిల్లీమీటర్లదే తీసుకోండి, బలం ఎక్కువ’ అని ఎవరైనా అంటే ముందు ఈ లెక్క వేసి చూపండి. సరిగ్గా విడిపోయిన 6 మిల్లీమీటర్ల పీచు, ఉండలు కట్టిన 12 మిల్లీమీటర్ల పీచు కన్నా మంచి గుడ్డ ఇస్తుంది. ఉండ ఉన్నచోట పీచు పోగుపడిందంటే దాని పక్కన పలచబడినట్టే, చిరుగు అక్కడే మొదలవుతుంది.

లోపాల రూపాన్ని బట్టి కారణం కూడా చెప్పొచ్చు. అగ్గిపుల్లల్లా సమాంతరంగా అతుక్కున్న కట్టలు కనబడితే అవి విడిపోనేలేదు. కోత కత్తి మొద్దుబారి చివరలు నలిగి అంటుకుని ఉండొచ్చు, లేదా పీచు మీది ఫినిష్ (పై పూత) నీళ్లకు సరిపడి ఉండకపోవచ్చు. జడలా మెలిపడిన తాళ్లు కనబడితే అవి ముందు విడిపోయి తరవాత మళ్లీ చిక్కుపడ్డాయి. మొదటిదానికి ట్యాంకులో ఇంకా కలియబెట్టాలి, రెండోదానికి కలియబెట్టడం తగ్గించాలి. చూడకుండా మందు వేస్తే ఒకదాని మందు ఇంకోదాన్ని పెంచుతుంది. తాళ్లకు మూలం చాలాసార్లు ట్యాంకులో ఏర్పడే సుడి. ట్యాంకు గోడలకు అడ్డుపలకలు పెడితే సుడి విరుగుతుంది. పైపుల మలుపుల్లో గరుకు వెల్డింగ్ ఉన్నా పీచు అక్కడ వేలాడి, పోగుపడి, ఊడి తాడై వస్తుంది.

పల్ప్‌ను ముందు పూర్తిగా విడగొట్టి, పలచన చేశాక పొడవు పీచును చివర్లో చేర్చండి. కొద్దిగా రంగు పీచు కలిపి, షీట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఎంత సమంగా పరుచుకుందో కంటితోనే తెలుస్తుంది. ఈ పరీక్షకు పరికరం ఏదీ అక్కర్లేదు.

నాలుగో అడుగు: రిఫైనింగ్

రిఫైనర్‌లో పీచు నలిగి, ఉబ్బి, ఒంటి మీద నూగు లేపుకుంటుంది. తాకే చోట్లు పెరిగి పొడి బలం పెరుగుతుంది. దాంతో పాటే గుడ్డ పలచబడుతుంది, బిరుసెక్కుతుంది, నీళ్లు దిగడం తగ్గుతుంది. ఒక హద్దు దాటాక చిరుగును తట్టుకునే శక్తి కూడా పడిపోతుంది. అందుకే ఒక్క ఫ్రీనెస్ (గుజ్జు నుంచి నీళ్లు ఎంత త్వరగా దిగుతాయన్న కొలత) అంకెను లక్ష్యంగా పెట్టుకోకుండా, నాలుగైదు స్థాయిల్లో చేతి షీట్లు పోసి బలం, మందం, పీల్పు మూడింటినీ పక్కపక్కన గీయండి. ఎక్కడ ఆగాలో గీతలే చెబుతాయి.

పల్ప్‌నూ లయోసెల్‌నూ ఒకే రిఫైనర్‌లో కలిపి పంపడం నాకు నచ్చదు. లయోసెల్‌కు నూగు లేచేలోపే పల్ప్ నుగ్గైపోతుంది. విడివిడిగా, తక్కువ తీవ్రతతో, ఎక్కువ సార్లు తిప్పి, చివర్లో కలపండి. విస్కోస్‌ను అసలు రిఫైనర్‌లోకి పంపకండి, నూగు లేవడానికి బదులు అది తెగుతుంది.

తిరిగి వాడే గుజ్జు సంగతి కూడా ఇక్కడే. ఒకసారి బాగా ఎండిన పల్ప్ మళ్లీ నీళ్లలో అంతగా ఉబ్బదు, అతుకు పట్టే గుణం తగ్గుతుంది. అంచు కత్తిరింపులు ఒకరోజు 5 శాతం, ఇంకోరోజు 20 శాతం కలిపితే బలం ఎందుకు ఊగుతోందని ఇంక వెతకక్కర్లేదు. శాతం ఎంతైనా పరవాలేదు, రోజూ ఒకటే ఉండాలి.

ఐదో అడుగు: తడి బలం

హైడ్రోజన్ బంధం నీళ్లకు లొంగుతుంది. మందు వేయని సెల్యులోజ్ షీట్ తడిస్తే పొడి బలంలో పదో వంతు కూడా మిగలకపోవచ్చు. నీటి జెట్లతో పీచుల్ని చిక్కువేసిన స్పన్‌లేస్‌లో కొంత నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ పట్టు రాపిడిది. వెట్‌లెయిడ్‌లో మాత్రం రెజిన్ (తడిలోనూ పీచుల్ని పట్టి ఉంచే రసాయనం) కావాలి.

ఎక్కువగా వాడేది పీఏఈ (పాలీఅమైడ్ ఎపిక్లోరోహైడ్రిన్) రెజిన్. దీనికి ధనావేశం ఉంటుంది, పీచు మీద ఋణావేశంతో ఉండే కార్బాక్సిల్ గుంపుల్ని పట్టుకుంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. విస్కోస్, లయోసెల్‌లలో కార్బాక్సిల్ గుంపులు చాలా తక్కువ. పల్ప్‌కు సరిపోయిన మోతాదే వాటికీ వేస్తే రెజిన్ పీచును పట్టకుండా నీళ్లలో తిరుగుతుంది, నురగ కడుతుంది, వైరును జిగురు చేస్తుంది. మోతాదు పెంచే ముందు పట్టు పెంచండి. కార్బాక్సిల్ గుంపులు చేర్చిన పీచును కొంత కలపడం ఒక దారి, రెజిన్‌తో పాటు కొద్దిగా సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) వాడటం ఇంకో దారి. పీహెచ్ 6 నుంచి 8 మధ్య ఉండాలి. రీళ్లు మెషిన్ దిగాక కూడా కొన్ని రోజులపాటు రెజిన్ పండుతూనే ఉంటుంది కాబట్టి, దిగిన వెంటనే కొలిచి బలం లేదని మోతాదు పెంచేయకండి. నమూనాను 105 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు ఉంచి కొలిస్తే చివరికి ఎక్కడ తేలుతుందో అంచనా దొరుకుతుంది.

టాయిలెట్‌లో విడిపోవాల్సిన వైప్స్‌కు ఈ దారి పనికిరాదు. అక్కడ శాశ్వత రెజిన్ వాడకుండా, పల్ప్‌లో పొట్టి విస్కోస్ లేదా లయోసెల్ కలిపి తేలికపాటి జెట్లతో చిక్కువేస్తారు. చేతిలో నిలిచేంత, నీళ్ల సుడిలో విడిపోయేంత. గుప్పెడు బలం అటూ ఇటూ అయినా ఏదో ఒక పరీక్ష తప్పుతుంది. సగటు కన్నా నిలకడ ముఖ్యమన్న మాట అక్షరాలా వర్తించే సరుకు ఇది.

ఆరో అడుగు: చిక్కువేయడం

స్పన్‌లేస్‌లో జెట్ నీటి వేగం ప్రెషర్ వర్గమూలంతో పెరుగుతుంది. 100 బార్ దగ్గర సెకనుకు దాదాపు 140 మీటర్లు. శక్తి ఖర్చు మాత్రం ప్రెషర్‌కు ఒకటిన్నర ఘాతంలో పోతుంది. ప్రెషర్ రెండింతలు చేస్తే కరెంటు దాదాపు 2.8 రెట్లు. అందుకే ప్రెషర్ ముట్టుకునే ముందు పీచు డెసిటెక్స్ చూడండి. గుండ్రటి పీచు వంగడానికి చూపే మొండితనం డెసిటెక్స్ వర్గంతో మారుతుంది. డెసిటెక్స్ సగం చేస్తే మొండితనం నాలుగో వంతు, అదే ప్రెషర్‌కు ఎక్కువ మెలికలు. విస్కోస్ తడిస్తే మెత్తబడుతుంది కాబట్టి సులువుగా చిక్కుపడుతుంది. లయోసెల్ తడిలోనూ గట్టిగా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ శక్తి అడుగుతుంది, బదులుగా తడి బలం ఇస్తుంది.

మొదటి జెట్ వరస గాలిని వెళ్లగొట్టి వెబ్‌ను (పరిచిన పీచు పొరను) తడిపేంతే ఉండాలి, తరవాత మెట్టుమెట్టుగా పెంచాలి. ముందే గట్టిగా కొడితే పల్ప్ వైరు దాటి నీళ్లలో కలిసిపోతుంది. ఆ సన్నని పొడి ఫిల్టర్ దాటి తిరిగొచ్చి, 100 మైక్రాన్ల చుట్టుపక్కల ఉండే జెట్ రంధ్రాల్ని మూసేస్తుంది. ఒక్క రంధ్రం మూసుకుంటే రోల్ పొడవునా చిక్కు పడని గీత ఒకటి. ఆ గీత మీద అడ్డంగా లాగితే గుడ్డ జిప్పులా విచ్చుకుంటుంది. మెషిన్ దిశ బలం మాత్రం చక్కగా ఉంటుంది కాబట్టి రిపోర్టులో ఏమీ కనబడదు.

వెబ్ టెన్షన్ కూడా దొంగే. తడి వెబ్‌ను రెండు సెక్షన్ల మధ్య ఎక్కువ లాగితే పీచులు మెషిన్ దిశకు తిరుగుతాయి, వెడల్పు కుంచించుకుంటుంది, అడ్డ దిశ బలం తగ్గుతుంది. లాగుడు ఎంతో రాసిపెట్టుకోని లైన్‌లో పీచు మార్చి ప్రయోజనం లేదు.

ఎయిర్‌లెయిడ్ (పీచును గాలితో పరిచే పద్ధతి) వాళ్ళకు రెండే మాటలు. హామర్‌మిల్‌లోకి (పల్ప్‌ను కొట్టి పీచులుగా విడగొట్టే యంత్రం) వెళ్లే పల్ప్ తేమ మారితే విడిపోయే తీరు మారుతుంది. మరీ పొడిగా ఉంటే స్థిర విద్యుత్తు, పీచు విరగడం. మరీ తడిగా ఉంటే గడ్డలు. లాటెక్స్ బైండర్ వాడుతుంటే ఎండబెట్టడం తొందర చేయకండి. నీళ్లతో పాటు లాటెక్స్ కూడా ఉపరితలానికి వచ్చేసి లోపలి పొర ఖాళీగా మిగులుతుంది, గుడ్డ మధ్యలో పొరలుగా ఊడుతుంది.

ఏడో అడుగు: ట్రయల్

ఒకసారికి ఒకటే మార్చండి. కొత్త పీచును మూడు స్థాయిల్లో, అంటే సున్నా, అనుకున్న మోతాదు, దానికి రెండింతలు వేసి చూడండి. జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ తూకం, గ్రాముల్లో) కదిలిపోతే పోలిక చెడుతుంది కాబట్టి ప్రతి బలాన్నీ దాని తూకంతో భాగించి పోల్చండి. చివరగా సున్నా స్థాయిని మళ్లీ నడపండి. రెండు సున్నాల మధ్య తేడా ఎంతో, మీ మెషిన్ సొంత ఊగిసలాట అంత. కొత్త పీచు తెచ్చిన మార్పు దాన్ని దాటకపోతే మార్పు లేనట్టే లెక్క.

పీచు సరఫరాదారు పంపే పత్రంలో పొడవు సగటే ఉంటుంది. పొడవు ఎంత విస్తరించి ఉంది, సన్నని పీచు పొడి ఎంత శాతం, తేమ ఎంత అని కూడా అడగండి. ప్రతి బేల్ నుంచి గుప్పెడు తీసి, లాట్ నంబరుతో సంచిలో దాచండి. ట్రయల్ గెలిచిన మిశ్రమాన్ని వేరే లాట్ పీచుతో ఇంకోసారి నడిపి, అప్పుడు వచ్చిన అడ్డ దిశ తడి బలం సగటునూ హెచ్చుతగ్గుల శాతాన్నీ పక్కపక్కన పెట్టి, వాటి నుంచి కింది హద్దును లెక్కగట్టి స్పెసిఫికేషన్‌లో రాయండి.